కొండ కింద మోటారు పడవ

అలిపిరి దారిన కొండకు నడిచే యాత్రికుల గోవిందల కన్నా ముందు ఆ వీధిని నిద్ర లేపేది చంద్రకాంతమ్మ గొంతు.

“ఏమయ్యో! సద్ది పోసి పెట్టినా! వస్తావా, కుక్కకు పొయ్యమంటావా?”

పెరట్లో పళ్లు తోముకుంటున్న ఆమె మొగుడు గంగాధరం తలెత్తి చూసి, నవ్వి, చెంబు అందుకున్నాడు. పక్కింటి వాకిట్లో కళ్లాపి చల్లుతున్న కుప్పమ్మ మాత్రం ఊరుకోలేదు.

“ఆ మారాజు కాబట్టి కాపరం చేస్తావుండాడు. ఇంకోడైతే ఈ నోటికి ఎప్పుడో కాశీకి పొయ్యుంటాడు” అన్నది తన కోడలితో, కావాలనే కాస్త గట్టిగా.

చంద్రకాంతమ్మకు వినపడింది. ఆమెవి పాము చెవులు. అయినా ఏమీ ఎరగనట్టు ఉల్లిపాయ చిదుముతూ కూర్చుంది. గయ్యాళి అన్న పేరు ఆమెకు వచ్చి మూడేళ్లవుతోంది. కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె మాట పక్కనున్న అత్తకే వినపడేది కాదంటే ఇప్పుడు ఎవరు నమ్ముతారు?

సంగతి ఏమిటంటే, గంగాధరానికి చెవుడు వచ్చింది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులను బొగ్గు గ్యాసుతో నడిపేవారు కదా, పూతలపట్టు దగ్గర అలాంటి బస్సు ఒకటి మొరాయిస్తే బాగు చేయడానికి పోయాడు. గ్యాసు తొట్టి అతని చెవి పక్కనే పేలింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో అరిస్తే ఏదో కాస్త. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే మెకానిక్కుకు చెవి పోయిందని తెలిస్తే బండి ఎవడు తెస్తాడు? అందుకని మొగుడూ పెళ్లాలు దాన్ని గుట్టుగా ఉంచారు. ఎవరైనా వచ్చి మాట్లాడితే చంద్రకాంతమ్మ పక్కన నిలబడి, మొగుణ్ణి కసిరినట్టుగా ఆ మాటే మళ్లీ అరిచేది. జనం ఆమెను తిట్టుకున్నారే గాని, అతన్ని అనుమానించలేదు. ఒక్కగానొక్క కూతురు దేవకికి మాత్రం ఇంట్లో తెలియకుండా ఎలా ఉంటుంది? నోరు విప్పొద్దని తల్లి ఒట్టు వేయించుకుంది.

చెవి పోయినా పని పోలేదు. ఇనుప కడ్డీ ఒక కొన ఇంజన్ మీద ఆనించి, రెండో కొన పళ్ల మధ్య కరిచిపట్టుకునేవాడు గంగాధరం. చప్పుడు పళ్లలోంచి పుర్రెలోకి ఎక్కేది. ఉత్తి కాళ్లతో బస్సు చట్రం మీద నిలబడితే ఇనుము అదురు అరికాళ్లకు తెలిసేది. అంతమాత్రంతో ఏ బండికి ఏం జబ్బో చెప్పేసేవాడు.

ఆ ధైర్యంతోనే గంగాధరం, బాలసుబ్రమణ్యం మొదలియారు పడవను బాగు చేసే పని ఒప్పుకున్నాడు. తిరుపతిలో పడవేమిటి అంటారేమో! జపాను బాంబులు పడతాయని మద్రాసు మద్రాసంతా ఖాళీ అయినప్పుడు, బస్సుల కంపెనీ యజమాని మొదలియారు పెళ్లాం పిల్లలతో పాటు తన షికారు పడవను కూడా రైలెక్కించి, రేణిగుంటలో దింపి, జోడు బండ్ల మీద ఇక్కడి తన మామిడితోటకు చేర్చాడు. నాలుగేళ్లు అది చెట్ల కింద రాలిన ఆకులు కప్పుకుని పడి ఉంది. మేకలు దాని నీడన పడుకున్నాయి. యుద్ధం అయిపోయింది కాబట్టి ఇప్పుడు దాన్ని మళ్లీ సముద్రంలోకి దించి మనవళ్లను తిప్పాలని ముసలాయన సరదా.

గంగాధరం ఎండాకాలమంతా ఆ పడవ మీదే ఉన్నాడు. పుచ్చిన పలకలు తీయించి కొత్త టేకు వేయించాడు. సందుల్లో జనపనార, గుగ్గిలం కూరించి వార్నీషు పూయించాడు. పాత పెట్రోలు ఇంజన్ పీకేసి, మిలిటరీ వేలంలో మొదలియారు కొన్న డీజిలు ఇంజన్ పెట్టాడు. అది బరువైనది, దానికోసం ఇంజన్ గది అడుగు విప్పి లావుపాటి టేకు దూలాలు బిగించాల్సి వచ్చింది. కొత్త గొట్టాలు, కొత్త నూనె తొట్టి, ఇంజన్ను చల్లార్చే నీళ్ల పంపు. నీళ్లు లేని చోట పంపు ఎలా ఆడుతుందో చూడాలని పక్కన పీపాలు పెట్టి గొట్టం వాటిలో ముంచాడు.

ఆ రోజు చంద్రకాంతమ్మ మిద్దె మీద ఒడియాలు పెడుతూ, తోటకు క్యారియరు దేవకి చేత పంపింది. మామూలుగా అయితే పంపేది కాదు. చిన్నప్పుడు దేవకి ఎప్పుడూ నాయన షెడ్డులోనే ఉండేది, ఏ పానా అడిగితే ఆ పానా అందించేది. పెద్దమనిషి అయ్యాక తల్లే మాన్పించింది, గ్రీసు చేతుల పిల్లను ఎవరు చేసుకుంటారని.

దేవకి తిరిగొచ్చి మిద్దె ఎక్కింది. ముఖం వాడిపోయి ఉంది.

“మా, ఆ ఇంజన్ కొట్టుకుంటావుండాది.”

“అంటే?”

“వేడెక్కినాక, జోరు తగ్గిస్తే లోపల టక్కు టక్కుమంటాది. డీజిలు చప్పుడు కాదు, అది ఏరే. నాయన కడ్డీ కరిసి సూసినాడు. బాగుండాదని నవ్వినాడు.”

“నీ నాయన బాగుండాదంటే బాగున్నట్టే.”

“బస్సంటే ఇనుము మా. ఈడ అంతా టేకు. ఆ దూలాలు అదురునంతా మింగేస్తావుండాయి. నాయనకు తెలీలేదు. నేను అరిసి చెప్పినా. ‘ఇంజనన్నాక చప్పుడు సెయ్యదా’ అనేసినాడు.”

చంద్రకాంతమ్మ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. అయినా పైకి మాత్రం, “నువ్వు నోరు మూసుకో. రేపు మొదలియారయ్య లారీ తెస్తావుండాడు. పడవ ఆ తోట దాటిపోతే సాలు” అన్నది.

“దాటిపోయి యాడికి పోతాది మా? సముద్రం మిందికి. నడిమధ్యలో ఇంజన్ పగిలితే ఆ పిల్లోళ్ల గతేంది?”

“మన గతేందో అది సూడు ముందు!”

దేవకి మిద్దె దిగిపోయింది. ఆ సాయంత్రం అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున మొదలియారు తోటకు వచ్చాడు. వెంట పొడుగాటి లారీ, దాని డ్రైవరు గురప్ప, పడవను ఎత్తడానికి కూలీలు. వార్నీషుతో మెరిసిపోతున్న పడవను చూసి ముసలాయన చిన్నపిల్లాడైపోయాడు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు, పలకలు తడిమాడు. గంగాధరం ఇంజన్ గదిలోకి దిగి ఇంజన్ నడిపించాడు. మామిడి చెట్ల మీది కాకులు లేచిపోయాయి.

“ఇంజన్ ఎట్లుందయ్యా? సముద్రానికి తట్టుకుంటుందా?” అన్నాడు మొదలియారు.

మొగుడి వెంట వచ్చిన చంద్రకాంతమ్మ అలవాటు ప్రకారం నడుముకు చేతులు పెట్టి అరిచింది. “ఏమయ్యో! ఇంజన్ సముద్రానికి తట్టుకుంటాదా అని అయ్య అడగతావుండాడు! ఉలకవు పలకవు!”

“మీ మనవళ్లు ముసలోళ్లయినా ఆడతాది సామీ!” అని గంగాధరం నవ్వుతూ ఇంజన్ ఆపేసి, పడవ దిగి, అటు తిరిగి చేతులు తుడుచుకోసాగాడు.

మజ్జిగ చెంబుతో వెనక నిలబడ్డ దేవకి ముందుకొచ్చింది.

“ఆడదు సామీ. పడవను తీసకపోవద్దు. లోపల కొట్టుకుంటావుండాది. మా నాయనకు ఇనపడదు.”

“ఏమిటి?”

“మా నాయనకు చెవులు ఇనపడవు.”

చెంప ఛెళ్లుమంది. కొట్టిన చెయ్యి తనదేనని చంద్రకాంతమ్మకు కొట్టాక గాని తెలియలేదు. చెంబు దొర్లి మజ్జిగంతా మట్టి పాలైంది.

మొదలియారు ఆమె వైపు చూడలేదు. మెల్లగా నడిచి గంగాధరం వీపు వెనక్కి పోయి నిలబడ్డాడు. మామూలు గొంతుతో, “గంగాధరం, ఈ పడవ నాకొద్దు. నువ్వే ఉంచుకో” అన్నాడు.

గంగాధరం వేళ్ల సందుల్లో గ్రీసు తుడుచుకుంటూనే ఉన్నాడు. ముఖం మీద ఇందాకటి నవ్వు ఇంకా పోలేదు. గురప్ప తల దించుకున్నాడు. కూలీలు ఒకరినొకరు చూసుకున్నారు.

ఆ నవ్వును చూడలేకపోయింది చంద్రకాంతమ్మ. పదిమందిలో మొగుడు నవ్వులపాలు కాకూడదనే కదా ఇన్నాళ్లూ గొంతు చించుకుంది! ఆ నవ్వులపాటు ఇప్పుడు కళ్లెదుటే జరిగింది, అతనికి తెలియకుండానే జరిగింది. ఆమె మొదలియారు ముందు చేతులు జోడించింది.

“తప్పు నాది సామీ. దాయమని చెప్పింది నేనే. ఆయన బస్సుల పనిలో ఏనాడూ తప్పలేదు. పడవకాడ తప్పుతాడని నాకు తెలీదు. ఈ పిల్ల నిన్ననే చెప్పింది. నేనే నోరు మూపించినా.”

“నా మనవళ్లు ఎక్కుతారమ్మా దాంట్లో” అన్నాడు మొదలియారు. కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది ఆయన గొంతులో.

గంగాధరం అప్పటికి ఇటు తిరిగాడు. అందరి ముఖాలూ చూశాడు. ఏడుస్తున్న పెళ్లాన్ని చూశాడు. కూతురి చెంప మీద తేలిన వేళ్ల గుర్తులు చూశాడు. ఏం జరిగిందో అతనికి ఎవరూ అరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. తర్వాత కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

“నిన్న నువ్వు చెప్పింది ఇంజన్ కొట్టుకుంటాదనా అమ్మా?”

దేవకి అవునని తలాడించి, అతని చెవి దగ్గర ఏదో అరవబోయింది.

“అరవొద్దు. లోపలికి రా. ఆ చప్పుడు ఎట్లా వస్తావుంటే అట్లా నా ఈపు మీద తట్టు.”

ఇద్దరూ ఇంజన్ గదిలోకి దిగారు. చంద్రకాంతమ్మ పైనుంచి వంగి చూస్తూ నిలబడింది. ఇంజన్ వేడెక్కింది. గంగాధరం జోరు తగ్గించాడు. దేవకి అరచెయ్యి నాయన వీపు మీద తట్టడం మొదలుపెట్టింది. అతను పానా తీసి మొదటి సిలిండరుకు డీజిలు పోయే గొట్టం మర వదులు చేశాడు. ఆ సిలిండరు ఆగి ఇంజన్ కుంటింది. చెయ్యి తడుతూనే ఉంది. దాన్ని బిగించి రెండోది వదులు చేశాడు. చెయ్యి తడుతూనే ఉంది. మూడోది వదులు చేశాడు.

చెయ్యి ఆగిపోయింది.

మళ్లీ బిగించాడు. చెయ్యి మళ్లీ తట్టింది. గంగాధరం ఇంజన్ ఆపేశాడు.

మధ్యాహ్నానికి ఇంజన్ అడుగు మూత విప్పారు. మూడో సిలిండరు పిస్టను కడ్డీ కింది బేరింగు పొలుసులు పొలుసులుగా లేచిపోయి ఉంది. నూనెలో తెల్లటి లోహపు రవ్వ మెరుస్తోంది. మొదలియారు ఆ రవ్వను వేలితో తీసి చూసి, పక్కనున్న రాతి మీద కూర్చుండిపోయాడు.

“లారీని వెనక్కి పోనీ గురప్పా” అన్నాడు చివరికి. “కొత్త బేరింగు మద్రాసు నుంచి పంపిస్తాను. వేసేది గంగాధరమే. కానీ పక్కన ఈ పిల్ల ఉండాలి. చూడమ్మా, నా దగ్గర ఇంకెప్పుడూ దాచొద్దు.”

చంద్రకాంతమ్మ తల ఊపింది. మొగుడి పరువు కాపాడుతున్నానని పరాయి పిల్లల్ని సముద్రం పాలు చేయబోయింది. దాన్ని ఆపిన బిడ్డను పదిమందిలో కొట్టింది. అందరూ వెళ్లాక, కూతుర్ని దగ్గరికి తీసుకుని ఆ చెంప నిమిరింది. “ఈ చెయ్యి ఇరిగిపోనూ. నొప్పిగా ఉండాదా తల్లీ?” అంటూ తానే బావురుమంది. “రేపట్నించి నాయనతో పనికి నువ్వే పో. గ్రీసు చేతులు వద్దనేవాడు నీకు మొగుడే కావద్దు.”

పడవ నీడన కూలబడి ఉన్న గంగాధరానికి ఆ మాటలు వినపడలేదు. ముఖాలు చూసి అర్థం చేసుకున్నట్టున్నాడు. దేవకి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“బండ్లు రావని కాదమ్మా నా భయం” అన్నాడు. “బండ్లు పోతే మట్టి పని చేసుకుంటా. నువ్వు అత్తగారింటికి పొయ్యే పొద్దున, బండెక్కతా ఏడస్తా నాకేమన్నా చెప్తావు గదా. అది నాకు ఇనపడదే అని. ఏం చెప్పినావో తెలీకుండానే నిన్ను పంపాల్లే అని. ఈ మూడేండ్లూ నాకు అదే దిగులు.”

అతని కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. దేవకి తన కొంగుతో నాయన ముఖం తుడిచింది. అతని కుడి చెవి దగ్గరికి వంగి, తోటంతా మార్మోగేలా అరిచింది.

“అరిసే చెప్తాను నాయనా! పెండ్లోళ్లంతా ఇన్నా సరే, అరిసే చెప్తాను!”

గంగాధరం వెక్కిళ్ల మధ్యనే నవ్వాడు. ఈసారి అతనికి వినపడింది.