చివరి గది చెయ్యి

కేతేపల్లి దాటాక రోడ్డు పక్కనుండే ఆ నర్సింగ్‌హోంలో చివరి గది మంచిది కాదని పేరు. వాంతులు, విరేచనాలతో అందులో చేరినవాళ్లు ఇద్దరు పోయారు. అప్పటి నుంచి రాత్రిళ్లు అక్కడ ఒక చెయ్యి తిరుగుతుందని... ఒట్టి చెయ్యేనని, వెనక మనిషి ఉండదని... కావలి మారయ్య చెప్పేవాడు. మారయ్య నోట నిజం రావడం అరుదు. ఈసారి మాత్రం వచ్చింది.

ఆయా జంగమ్మకు దెయ్యాలంటే లెక్కలేదు. ఆమె భయమంతా పట్నం నర్సు నిర్మలమ్మంటేనే. పనివాళ్లకు శుభ్రత నేర్పడానికి వచ్చిందామె. రోగిని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుగు, బట్టలు ఉడకబెట్టు... పొద్దస్తమానం ఇదే పాట.

"నీళ్లు తోడేది నేను. ఒక్కొక్కరికి ఓపాలి చేతులు కడుక్కుంట పోతే బాయి ఎండుతది" అని జంగమ్మ గొణిగేది.

ఆ రాత్రి చివరి గదిలో పెద్దులు తాతకు విరేచనాలు. జంగమ్మ బెడ్‌పాన్ తీసి పారబోసి, చేతులు చీరకొంగుకు తుడుచుకుంది. అయిపోయింది శుభ్రత! కుండలో నీళ్లు ముంచుకు తాగింది. కూతురు కూలికి పోతే తన దగ్గరే ఉంటున్న మూడేళ్ల మనవరాలు అండాలు ఆకలని లేచింది. రొట్టె తుంచి నోట్లో పెట్టి, చెంప నిమిరి వరండాలో పడుకోబెట్టింది.

ఒక కునుకు తీసి, దాహమై లాంతరు పెద్దది చేసేసరికి —

కుండ మీద చెయ్యి.

వంకాయరంగు ముద్ర. వేళ్లన్నీ నిండుగా ఉన్నాయి... చిటికెనవేలు ఒక్కటే సగం.

తలుపు మీద ఇంకొకటి. గోడ మీద... గొళ్లెం మీద... వరసగా చివరి గది దాకా.

"మారయ్యా... ఓ మారయ్యా..."

మారయ్య ఒక్క ముద్ర చూశాడు. "జర ఉండక్కా, కట్టె తెస్త" అని పోయి, మందుల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

జంగమ్మకు పిల్ల గుర్తొచ్చింది. వరండాలోకి పరుగెత్తింది.

అండాలు చెంప మీద... అదే చెయ్యి. పెదవుల చుట్టూ అదే రంగు.

"నా బిడ్డను పట్టిందో!"

కేక విని నిర్మలమ్మ వచ్చింది. పిల్లను చూసి ఆమె ముఖం పాలిపోయింది. "నీ చెయ్యి... గా ముద్ర పక్కన పెట్టి చూడు, జంగమ్మా."

జంగమ్మ పెట్టింది. అచ్చంగా సరిపోయింది, ఎప్పుడో కొడవలికి సగం తెగిన చిటికెనవేలుతో సహా. అరచేయంతా వంకాయరంగే. దెయ్యాన్ని వెతికే హడావిడిలో సొంత చెయ్యి ఎవరు చూసుకుంటారు?

"నోటిపూతకు రాసే మందు పొడి. కడగని చెయ్యి ఏడేడ తగులుతదో చూపెట్టాలని బెడ్‌పాన్ పిడికి నేనే చల్లిన. తడి తగిలితే రంగు తేలుతది. నువ్వు పిల్లకు తినిపిస్తవనుకోలే."

"గిదేం ఆట నర్సమ్మా! నా పానం పోయింది!"

"గిది రంగు, రెండు దినాలల్ల పోతది." నిర్మలమ్మ పిల్ల పెదవుల వైపు చూపించింది. "గా గదిల రోగానికి రంగుండదు, జంగమ్మా."

జంగమ్మ పిల్లను ఎత్తుకోబోయి, ఆగి, బావి దగ్గరకు పోయి చేతులు కడుక్కొచ్చింది. రెండు రోజులు పిల్ల కడుపు మీద చెయ్యేసుకుని కూర్చుంది, ఇప్పుడు మొదలవుతుందా, అప్పుడు మొదలవుతుందా అని. ఏమీ కాలేదు.

తర్వాత కొత్తగా చేరిన ఆయాలెవరైనా గుసగుసగా అడిగేవారు. "చివరి గదిల చెయ్యి తిరుగుతదంట, నిజమేనా అక్కా?"

"నిజమే. నా మనుమరాలి చెంప మీద కండ్లార చూసిన."

"ఎట్లుంటది?"

జంగమ్మ సబ్బు నురగలోంచి చెయ్యి పైకెత్తి చూపేది.