ఆడగుర్రం మెడలో గంట

తెల్లారేసరికి కంచరగాడిదలు తోలే ముసలాయన గొంతు తెగి పడి ఉన్నాడు. అతని ఆడగుర్రం మాత్రం క్షేమం. దాని మెడలో గంట లేదు.

ఏజెంట్ ఫెర్మిన్‌ ఆ ఖాళీ మెడ తడిమి చూశాడు. ఆండీస్ కొండల్లో కంచరగాడిదలు మనిషి మాట వినవు. గంట కట్టిన ఆడగుర్రం వెనకే నడుస్తాయి. పొగమంచులో ఆ చప్పుడే వాటికి దారి. స్పెయిన్‌ను చిలీ నుంచి తరమడానికి బయల్దేరిన సైన్యం తుపాకిమందంతా వాటి వీపులమీదే ఉంది.

"ఎవరి పనంటావ్?" అడిగాడు కెప్టెన్ లరోండో.

"ఉర్సులా. డేరా ఖాళీగా ఉంది."

"మన ఉర్సులానా?"

"మనకీ మనిషే, స్పెయిన్‌కీ మనిషే. డబుల్ ఏజెంట్ సార్. కావలివాడికి కోడ్ చెప్పి దర్జాగా వెళ్ళింది. నిన్న విందులో ఆ కోడ్ ఆమె చెవిలో ఊదింది తమరే."

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "నీకూ బాగా తెలిసిన మనిషే కదయ్యా. ఆ గంట మోగించి గాడిదల్ని లోయలోకి దింపేస్తుంది, వెళ్ళి ఆపు."

తెలియకేం. మెండోసాలో ద్రాక్షతోట యజమాని వేషం కట్టి, మారుపేరుతో, పెళ్ళాడతానని ఒట్టేసి ఆమె దగ్గర స్పెయిన్ రహస్యాలు లాగింది ఫెర్మినే. అదీ మిషనే. తలుచుకుంటే ఇప్పటికీ అతనికి తనమీదే అసహ్యం.

కనుమ దగ్గర పొగమంచు కమ్మింది. చనిపోయిన ముసలాయన పోంచో కంబళి కప్పుకుని ఫెర్మిన్ గుర్రాన్ని నడిపిస్తున్నాడు. లోయవైపు గంట మోగింది. గాడిదలు చెవులు నిక్కించి, దారి వదిలి అటు దిగాయి.

ఉర్సులా పట్నం మనిషి. గంట దొంగిలించింది గానీ, గాడిదలకు గుర్రం గొంతు కూడా తెలుసని తెలియక దాన్ని వదిలేసింది. ఫెర్మిన్ గుర్రం చెవి మెలిపెట్టాడు. అది గట్టిగా సకిలించింది. లోయ అంచున కాలు పెట్టబోయిన గాడిద ఆగి వెనక్కి తిరిగింది. మిగతావీ తిరిగాయి.

గాలికి మంచుతెర విడింది. అంచున పట్టుశాలువాలో ఉర్సులా, చేతిలో గంట. ఆమె నిలబడింది రాతిమీద కాదు, లోయమీదికి పెరిగిన ఉత్త మంచుపెళ్ళమీద. ఆమె బతకాలని ఆ క్షణాన ఫెర్మిన్ మనసారా కోరుకున్నాడు.

"కదలకు ఉర్సులా. నీ కింద నేల లేదు. తాడు వేస్తున్నా, పట్టుకో."

"ఈసారి నీ పేరేంటి?"

"ఫెర్మిన్. ఒట్టు."

"పెళ్ళికీ ఒట్టే వేశావుగా." ఆమె నవ్వి, తాడుకు అందకుండా ఒకడుగు వెనక్కి వేసింది.

ఆమె కాళ్ళకింద మంచు విరిగింది. గంట చాలాసేపు మోగుతూ కిందికి పోయింది.

కెప్టెన్ వచ్చి భుజం తట్టాడు. "శభాష్. ఏ అబద్ధం చెప్పి పడగొట్టావ్?"

"నిజం చెప్పాను సార్," అని ఫెర్మిన్ గుర్రాన్ని కదిలించాడు.