మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికన్నా ముందు వేడెక్కేది ఇస్త్రీపెట్టె. ఆర్మీ సరుకుల డిపోలో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసి హెడ్‌క్లర్కు అయిన ఇంటి పెద్దాయన, ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నా, చొక్కా నలిగితే ఒప్పుకోడు. "నా చేతి కింద దుప్పటి ఒక్కటి తగ్గలేదు, నా చొక్కాకి ముడత ఒక్కటి పడలేదు" అన్నది ఆయన గొప్ప. ఆ రోజూ ఇస్త్రీ చేసుకుంటూ, టీ కప్పు ముందు పెట్టుకుని బొమ్మలా కూర్చున్న కూతురి వైపు చూశాడు.

"ఏంటి తల్లీ, టీలో ఈగ పడిందా?"

"లేదు నాన్నా, తాగుతున్నా."

"తాగడం కాదు, దానికి కాపలా కాస్తోంది" అంది తల్లి, కుట్టుమిషను మీద బట్ట సర్దుతూ. "ఇంట్లో కూడా డ్యూటీయే దీనికి."

కూతురు నవ్వలేదు. ఆమె అదే ఆర్మీలో కెప్టెన్. పనిచేసేది కంప్యూటర్ నెట్‌వర్కుకి కాపలా కాసే దళంలో. "ఇంతకీ నువ్వు చేసే పనేంటే?" అని తల్లి ఒకసారి అడిగితే ఇంటితో పోల్చి చెప్పింది. వైర్లు వేసి, దీపాలు ఆరకుండా చూసుకునేవాళ్ళు ఒక దళం. కిటికీలోంచి ఎవరైనా దూరారేమో చూసేవాళ్ళు రెండో దళం, అది తనది. గోడ దూకి శత్రువు ఇంట్లోకి వెళ్ళేవాళ్ళు మూడో దళం, వాళ్ళ గది తలుపు కూడా తను తట్టకూడదు. ముగ్గురికీ పైన ఒకటే కమాండ్. దొంగ కనబడినా పైనుంచి మాట వచ్చేదాకా కాపలావాళ్ళు అరవకూడదు, వాడు ఏ గదిలోకి వెళుతున్నాడో ముందు చూడాలి. "అయితే వాడికి టీ కూడా ఇస్తారేమిటే!" అని తల్లి అప్పుడు పడీపడీ నవ్వింది.

నిన్న నిజంగానే దొంగ కనబడ్డాడు. డిపోలో ఒక కంప్యూటర్ బయట ఎవరితోనో గుట్టుగా మాట్లాడుతోంది. వెనక్కి వెళ్ళి వెతికితే, దానికి వరసగా మూడు రోజులు, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి, ఎవరో బయటి పెన్‌డ్రైవ్ పెట్టినట్టు తేలింది. కంప్యూటర్ నంబరు ఆమె రెండుసార్లు చూసింది. అది నాన్న టేబుల్. మొదటి రిపోర్టు రాసి, సంతకం పెట్టి, నేరుగా తన పై అధికారి మేజర్ మేడం గదికి వెళ్ళి ఆ మాటే చెప్పింది.

మేడం రిపోర్టు మూసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "ఈ క్షణం నుంచి ఈ కేసులో నువ్వు లేవు. రేపు పదకొండింటికి టీం డిపోకి వెళుతుంది. అప్పటిదాకా ఇంట్లో ఒక్క ముక్క కూడా బయటికి రాకూడదు" అంది.

అందుకే టీ చల్లారిపోయింది. పెన్‌డ్రైవ్ పెట్టినవాడు తనంతట తాను పైవాళ్ళకి ఫోన్ చేసి ఒప్పుకుంటే అది పొరపాటు. దాస్తే నేరం. ఈ సంగతి డిపోలో పనిచేసే ప్రతివాళ్ళకీ తెలుసు. 'నాన్నా, ఇప్పుడే ఫోన్ చెయ్యి' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది.

"మా కంప్యూటర్ రెండు రోజులుగా నత్తనడక నడుస్తోందమ్మా" అన్నాడు ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "మీవాళ్ళెవరికైనా చెప్పరాదూ?"

ఆమె టీ కప్పు చేతిలోకి తీసుకుంది. "మీ హెల్ప్‌డెస్క్ ఉంది కదా నాన్నా" అంది. అంతకు మించి ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడడానికి లేదు.

"వాళ్ళు ఫోనెత్తితే గదా!" అని నవ్వి, భోజనం డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికే ఆయన తిరిగొచ్చాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఎన్నడూ అలా రాలేదు. బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. భార్య మంచినీళ్ళిస్తే పుచ్చుకున్నాడు కానీ తాగలేదు.

"నా కంప్యూటర్‌కి సీలు వేశారు. పది డిపోలకి నెట్‌వర్కు ఆపేశారు. గేటు దగ్గర లారీలన్నీ నిలబడిపోయాయి. పెన్‌డ్రైవ్ ఎవరిది, అందులో ఏముందని నన్నూ, పక్క సీటావిడనీ గంటసేపు అడిగారు."

"మీరేం చెప్పారు?"

"నోరు విప్పలేదు."

అయిదింటికి కూతురు గుమ్మంలో అడుగు పెట్టింది. ఆయన తలెత్తి చూశాడు.

"రిపోర్టు చూపించారమ్మా. కింద సంతకం నీది. పలక మీద నీ చేత అక్షరాలు దిద్దించినవాణ్ణి, నీ రాత నాకు తెలీదా?"

"అవును నాన్నా. నేనే రాశాను."

తల్లి చేతిలో కత్తెర బల్ల మీద పడింది. "అంటే పొద్దున ఆయన ఎదురుగా కూర్చున్నప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఒక్క మాట చెప్పలేకపోయావా కెప్టెన్ గారూ! కన్నతండ్రి కన్నా ఆ కమాండ్ ఎక్కువైపోయిందా నీకు? తల ఎత్తుకుని రిటైరవ్వాల్సిన మనిషిని దొంగలా నిలబెట్టావు కదే!"

"చెప్పి ఉంటే నిజంగానే దొంగయ్యేవాడమ్మా! కూతురు ముందే ఉప్పందించింది కాబట్టి ఫోన్ చేశాడనేవాళ్ళు." ఆమె తండ్రి వైపు తిరిగింది. "ఒక్కసారి పెడితే పొరపాటంటారు నాన్నా. మూడు రోజులు, ఒకే టైముకి పెడితే ఏమంటారు? ఎవరిచ్చారు నీకది? ఎవరికోసం పెట్టావు?"

ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"నువ్విలా కూర్చుంటే రేపు ఏ పాపమూ ఎరగని పక్క సీటు ఆంటీ కూడా బోనెక్కుతుంది. ఆ పెన్‌డ్రైవ్ దొరికితే గానీ లోపలికి ఏం దూరిందో మావాళ్ళకి తేలదు. అందాకా ఆ లారీలు కదలవు. దుప్పటి ఒక్కటి తగ్గలేదని గొప్ప చెప్పుకుంటావే, మరి ఇదేంటి నాన్నా?"

తగలరాని చోటే తగిలిందది. పెద్దాయన గోడ మీంచి చూపు తిప్పాడు.

"ఉద్యోగం పోతే పోనీ" అన్నాడు. "నీ పేరు మాత్రం రానివ్వను."

"మధ్యలో నా పేరెందుకు?"

ఆయన లేచి, కుట్టుమిషను పక్కనున్న గుండీల డబ్బాలో చెయ్యి పెట్టి, చిన్న పెన్‌డ్రైవ్ తీశాడు. దాన్ని చూడగానే తల్లి నోరు నొక్కుకుంది. "ఇది... నా ఫోనులోని వీడియో దీంట్లోకి ఎక్కించుకొస్తానని ఫోటోల షాపుకి తీసుకెళ్ళారే, అది కదూ!"

"ఏం వీడియో?" అంది కూతురు.

"నీకు ప్రశంసాపత్రం ఇచ్చిన సభ" అన్నాడాయన, తప్పు చేసిన పిల్లాడిలా. "ఆ రోజు డిపోలో తనిఖీ, నేను రాలేకపోయాను. మీ అమ్మ ఫోనులో చూపిస్తే గోరంత ఉన్నావు, మొహమే ఆనలేదు నా కళ్ళకి. ఆఫీసులో పెద్ద తెర ఉంది. ఒంటిగంటా ఇరవైకి అందరూ భోజనానికి వెళ్ళిపోతారు. ఒక్కసారి చూద్దామనుకున్నా. మర్నాడు మళ్ళీ చూడాలనిపించింది. ఆ మర్నాడూ..."

కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఇస్త్రీ సంగతి ఆయనకి గుర్తు లేదు.

"రూలు తెలీక కాదమ్మా. ఏటా సంతకం పెడుతూనే ఉన్నా. మన పిల్ల వీడియోలో దొంగ ఎందుకుంటాడులే అనుకున్నా. ఆ షాపువాడి కంప్యూటర్లో ఏముందో నేనేం కలగన్నానా? ఇప్పుడు చెప్తే ఏమంటారు? కాపలా కాసే పిల్ల ఇంట్లోంచే దొంగ వచ్చాడంటారు. నీ ఉద్యోగానికి మచ్చ."

కూతురు ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. ఆ మూడు రోజుల ఒంటిగంటా ఇరవైని తెర మీద చూసినప్పటి నుంచి ఆమెకి నిద్ర లేదు. ఆ టైముకి అక్కడ ఏ శత్రువు మాట వింటున్నాడో తన తండ్రి అని భయపడి చచ్చింది. ఆయన ఖాళీ గదిలో, అన్నం మానేసి, తనని చూసుకుంటున్నాడు. ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు.

"అననీ నాన్నా. ఎవరేమన్నా అననీ. అది మా నాన్న టేబులని నేను నిన్ననే మేడంకి చెప్పేశాను. దాచలేదు కాబట్టే ఈ రోజు డ్యూటీకి వెళ్ళగలిగాను. నువ్వూ దాచకు. శిక్ష వేస్తే వెయ్యనీ, తలొంచుకునే శిక్ష మాత్రం కాదది."

"తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు కాపాడుకుంటూ నా కొంప ముంచేలా ఉన్నారు" అంది తల్లి ముక్కు చీదుకుంటూ. కూతురి తల మీద చెయ్యి వేసింది. పొద్దుటి నుంచి అది ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. "చెయ్యండి ఫోను, ఇంకా చూస్తారేం!"

కూతురు లేచి కళ్ళు తుడుచుకుంది. "ఈ కేసులో నేను లేను. నేనిక్కడ ఉండకూడదు" అని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు పాతది, మాటలు ఆపేంత బలం దానికి లేదు.

పెద్దాయన కాలరు సరిచేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, డిపోకి వచ్చిన టీం వాళ్ళ నంబరు నొక్కాడు.

"డిపో హెడ్‌క్లర్కుని మాట్లాడుతున్నానండీ. ఆ పెన్‌డ్రైవ్ నాది. మూడుసార్లూ నేనే పెట్టాను. పక్క సీటావిడకి ఏ సంబంధమూ లేదు. ఇప్పుడే తెచ్చి ఇస్తాను."

అవతలి గొంతు అడిగింది. "అందులో ఏముంది?"

ఆయన వంటింటి తలుపు వైపు చూశాడు.

"మా అమ్మాయి" అన్నాడు.