గీతలు పోయిన వాచీ

పదకొండు... పన్నెండు... పదమూడు...

ఆమె మెట్లు లెక్కపెడుతూ దిగుతోంది. భయమేస్తే ఏదో ఒకటి లెక్కపెట్టడం ఆమెకి అలవాటు.

పైన రోడ్డు మీద ఇంకా ఎండ ఉంది. ఇక్కడ చీకటి!

మూతపడ్డ ఫర్నిచర్ షాపు కింద గోడౌన్. ఫోన్‌లో చెప్పిన చోటు ఇదే.

"వాచీ తీసుకుని ఒక్కదానివే రా. నీ కొడుకు తల మీద తుపాకీ ఉంది. పోలీసులకి చెప్పావో...!"

చెప్పింది!

చెప్పకుండా ఎలా ఉంటుంది? గ్యాస్ కట్టేశానో లేదోనని రాత్రి మూడుసార్లు లేచి చూసే మనిషి.

"మేం వచ్చేదాకా లోపలికి వెళ్ళొద్దమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వాళ్ళ దగ్గర ఆయుధాలున్నాయా?"

"తుపాకీ ఉందట సార్! నా బిడ్డ తల మీదే పెట్టారట!"

పోలీసుల కోసం ఆగుదామనుకుంది. కాళ్ళు ఆగలేదు.

గుప్పిట్లో చేతిరుమాలు. రుమాల్లో వాచీ.

స్టీలు వాచీ. ఆమెది కాదు, కొడుకుదీ కాదు. ఓడల్లో పనిచేసి రిటైరైన కెప్టెన్‌ది. కొడుకు దగ్గర రిపేరుకిచ్చాడు. బాగుచేసిన వాచీని ఒక రోజు తన చేతికి పెట్టుకుని తిరుగుతాడు కొడుకు. టైము సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలిగా!

ఒక రోజు... తొమ్మిది రోజులైంది.

తింటూ దాన్నే చూస్తాడు. నిద్రలో దాన్ని చెవికి ఆనించుకుంటాడు.

"ఏముందిరా ఆ పాతదాంట్లో?" అని అడిగింది మొన్న.

"ఇలాంటివి ప్రపంచంలో నలభై కూడా లేవమ్మా. ఈ డయల్ ఒకప్పుడు నలుపు. ఎండకీ, ఉప్పుగాలికీ ఇలా టీ రంగులోకి తిరిగింది. దీన్ని ఇంకెవరూ తయారుచెయ్యలేరు. కాలమే చెయ్యాలి."

ఆమెకి అర్థం కాలేదు. వాడి కళ్ళు చూసి భయం మాత్రం వేసింది.

ఈరోజు పొద్దున ఆ వాచీని ఇంట్లో మర్చిపోయి వెళ్ళాడు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి!

ఇరవై ఒకటి... ఇరవై రెండు.

మెట్లు అయిపోయాయి.

మూల నుంచి సెల్‌ఫోన్ లైటు! ఆ వెలుగులో ఒక కుర్చీ. కుర్చీలో కొడుకు. ఒంటి చుట్టూ తాడు. వెనకాల మొహానికి మఫ్లర్ చుట్టుకున్న మనిషి. వాడి చేతిలో తుపాకీ!

"నాన్నా! కొట్టారా? పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా?"

"తిండి సంగతి తర్వాత పిన్నిగారూ" అన్నాడు మఫ్లర్. "ముందు వాచీ ఇటివ్వండి."

పిన్నిగారూ?

తుపాకీ పట్టుకున్నవాడు పిన్నిగారూ అనడమేంటి? ఆ గొంతు... ఎక్కడో...

ఆలోచించే టైము లేదు. రుమాలు అందించింది.

మఫ్లర్ మూట విప్పాడు. ఫోన్ లైటు వేశాడు.

తళతళ!

"ఇదేంటి? ఇది ఆ వాచీ కాదు! దాని నిండా గీతలుండాలి. గీతలేవి?"

"అదే బాబూ! నా బిడ్డ మీద ఒట్టు!" ఆమె చేతులు జోడించింది. "రేపు కెప్టెన్‌గారొస్తారు కదా... ఇంత మాసినది చేతిలో పెడితే నా కొడుకు మాట పడతాడేమోనని... నేనే తోమాను. ముందు స్టీలు పీచుతో. తర్వాత టూత్‌పేస్టుతో. గీతలన్నీ పోయేదాకా!"



"తోమావా?!"

ఆ అరుపు మఫ్లర్‌ది కాదు.

కొడుకుది!

కుర్చీలోంచి ఎగిరి లేచాడు. తాడు జారి కిందపడింది. దానికి ముడే లేదు!

వాచీ లాక్కున్నాడు. అంచుల వెంట బొటనవేలు పోనిచ్చాడు. ఒకసారి... ఇంకోసారి...

"ముప్పై ఏళ్ళ గీతలమ్మా! ఈ పక్కన ఓడ కమ్మీ తగిలిన గీత ఉండేది. అంచులన్నీ అరగదీసేశావ్. చంపేశావమ్మా దీన్ని!"

వాడు ఏడుస్తున్నాడు. తండ్రి పోయిన రోజు కూడా ఇంతగా ఏడవలేదు.

ఆమె వాణ్ణి చూడటం లేదు. నేల మీది తాడునే చూస్తోంది.

మఫ్లర్ కిందకి జారింది. కొడుకు షాపు పక్కనే సెల్‌ఫోన్లు రిపేరు చేసే స్నేహితుడు!

"సారీ పిన్నిగారూ... ఇది బొమ్మ తుపాకీ." దాన్ని చెత్తలోకి విసిరేశాడు. "వీడు బతిమాలితే వచ్చాను."

"నువ్వేనా?" ఆమె కొడుకు వైపు తిరిగింది. "నువ్వే చేయించావా నాన్నా?"

"తిరిగి ఇవ్వలేకపోయానమ్మా. చేతి నుంచి తీస్తుంటే ప్రాణం పోయినట్టుంది. దొంగలు పట్టుకుపోయారని చెబుదామనుకున్నా. నా మాట కెప్టెన్ నమ్మడు. నువ్వు ఏడ్చి చెబితే ఎవరైనా నమ్ముతారు."

వాడికి జ్వరమొస్తుందని భయపడింది. బస్సు గుద్దుతుందని భయపడింది. కరెంటు షాక్ కొడుతుందనీ, కుక్క కరుస్తుందనీ... ఇన్నేళ్ళూ ఎన్నింటికో భయపడింది.

దీనికి మాత్రం భయపడలేదు!

దడ్... దడ్... దడ్...

పైన బూట్ల చప్పుడు!

ఆమె మెట్ల వైపు చూసింది.

"నాన్నా... పోలీసులు. నేనే పిలిచాను."

"ఏం చెప్పావ్?"

"నీ తల మీద... తుపాకీ ఉందని."

స్నేహితుడు గభాల్న ఫోన్ లైటు ఆర్పేశాడు. పరుగెత్తాడు. దేన్నో గుద్దుకుని పడ్డాడు.

మెట్ల మీంచి టార్చిలైటు!

"కదలొద్దు! చేతులు పైకెత్తండి!"

ఆమె చేతులు లేచాయి. కొడుకు ఎడమ చెయ్యి లేచింది.

కుడి చెయ్యి...

వాచీని జేబులోకి దాస్తోంది. ఇప్పుడు కూడా!

"వదిలెయ్ నాన్నా! చెయ్యెత్తు!"

టార్చి వెలుగు అటు తిరిగింది. నిన్నటిదాకా బూడిద రంగులో ఉన్న స్టీలు... జేబు అంచున తళుక్కుమంది!

"గన్!" ఎవరో అరిచారు.

"కాదు! అది వాచీ సార్! నేనే తోమా..."

ధన్!!