సొరంగంలో వెనక్కి తిరిగిన డ్రమ్ము

ఆ కంకర క్రషర్లో ఎవరూ పేరెత్తరు. ‘ఆవిడ’ అంటారు, అంతే.

రాళ్ళ గుట్ట కింద ఒక సొరంగం ఉంది. గుట్ట అడుగు నుంచి జారే కంకరని బెల్టు మీద పైకి మోసుకుపోవడానికి కట్టింది. నడుం వంచి నడవాలి. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల అమావాస్య అర్ధరాత్రే. బల్బులు పెట్టడమే ఆలస్యం, అదురుకి రాలిపోతాయి.

సొరంగం కొసన, బెల్టు వెనక్కి మళ్ళేచోట, ఇనప జాలీ వెనక రెక్కల డ్రమ్ము ఉంటుంది. దాని దగ్గరికి వెళితే చేతిలో టార్చి — ఆరిపోతుంది.

ఆరి ఊరుకోదు. మళ్ళీ వెలుగుతుంది... వణుకుతూ.

ఆ వణుకుడు వెలుగులో డ్రమ్ము ఆగిపోయి ఉంటుంది. పైన మిషను హోరెత్తుతూనే ఉంటుంది, కింద డ్రమ్ము మాత్రం ఎవరో అరచేత్తో అదిమిపట్టినట్టు — నిలబడిపోతుంది. ఆ తర్వాత, మెల్లగా... వెనక్కి తిరుగుతుంది.

చూసినవాళ్ళు చెప్పింది ఇంతే. చూడనివాళ్ళు దీనికి జడ పెట్టారు, గాజుల చప్పుడు పెట్టారు, ఒకాయనైతే తనని ముద్దుపేరుతో పిలిచిందని కూడా చెప్పాడు.

ఈ కథలన్నిటికీ నవ్వే మనిషి బెల్టు ఫిట్టరు. గుండె నిబ్బరమున్నవాడు. బెల్టు చప్పుడు విని ఏ రోలరు అరిగిందో చెప్పగలడు. అలాంటి మనిషి ఓ సాయంత్రం సొరంగంలోంచి వచ్చిన తీరు క్రషరంతా చూసింది. నడుం వంచడం మర్చిపోయి, హెల్మెట్టు పైకప్పుకి కొట్టుకుంటూ, ఒంటికాలి బూటుతో పరుగు. రెండో బూటు ఇప్పటికీ లోపలే ఉంది.

“తిరిగిందయ్యా... వెనక్కి తిరిగింది...” అన్నాడు రొప్పుతూ.

స్టోర్ కీపరు కిటికీలోంచి తల బయటపెట్టి, తాపీగా అడిగాడు. “ఏం తాగావు బావా?”

అంతే, అందరూ గొల్లుమన్నారు. చుక్క ముట్టని మనిషి. ఆ రోజు నుంచి ఆయన పేరు ‘ఒంటి బూటు’.

నవ్వులైతే భరించేవాడే. సూపర్‌వైజరు పిలిచి, “సొరంగంలో దిగని ఫిట్టరు నాకెందుకు? వచ్చే సోమవారానికల్లా దిగు. లేదంటే గేటు దగ్గర కుర్చీ వేయిస్తా” అన్నాడు. జీవితమంతా బెల్టుల మధ్య బతికిన మనిషికి గేటు దగ్గర కుర్చీ అంటే పాడె కట్టినంత పని. ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే ఇంట్లో చూడలేకపోయింది ఒక్కతే — ఆయన అన్నగారి కూతురు.

ఆ పిల్లని క్రషర్లో గడుగ్గాయి అంటారు. స్పానర్ పట్టడం నేర్పింది బాబాయే, పనిలో పెట్టించిందీ బాబాయే. బాబాయి మాట అబద్ధమని ఒప్పుకోవడం కంటే దెయ్యం ఉందని ఒప్పుకోవడమే నయం అనుకుంది. అనుకుని, సరాసరి స్టోరుకి వెళ్ళింది.

“మావయ్యా, ఒక టార్చి ఇవ్వు.”

“ఇదిగోనమ్మా, కొత్తరకం! ఐదు రకాలుగా వెలుగుతుంది. పెద్దగా, చిన్నగా, ఎర్రగా, మిణుకుమిణుకు...” స్టోర్ కీపరు టార్చిని పెళ్ళికొడుకులా చూపించాడు. “ఎక్కడికి?”

“ఆవిడ దగ్గరికి.”

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

సొరంగం నోటి దాకా బాబాయి వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఎంత ప్రయత్నించినా కాలు ముందుకి పడలేదు.

“వద్దే...” అన్నాడు గొంతు తగ్గించి.

“పోనీ, తెలిసింది చెప్పు బాబాయ్.”

“జాలీ దాటి చెయ్యి పెట్టకు. డ్రమ్ము ఆగిందని నీ కళ్ళు ఒట్టేసి చెప్పినా సరే... పెట్టకు.”

ఆమె వంగి లోపలికి నడిచింది.

దుమ్ము. తడిరాళ్ళ వాసన. పక్కనే బెల్టు ఉరుకుతున్న గాలి. కాళ్ళ కింద నేల గడగడలాడుతోంది. ముందుకి వెళ్ళేకొద్దీ ఆ అదురు బూట్లలోంచి మోకాళ్ళకి, మోకాళ్ళలోంచి పళ్ళకి ఎక్కింది. ఓ మూల బాబాయి బూటు బోర్లా పడి ఉంది.

డ్రమ్ము ముందు నిలబడింది. జాలీ మీద చెయ్యి ఆనించింది.

టార్చి ఆరిపోయింది.

చీకటి... మెత్తగా, దగ్గరగా, మొహానికి ముసుగేసినట్టు.

మళ్ళీ వెలిగింది. వణుకుతూ.

డ్రమ్ము ఆగిపోయి ఉంది.

రెక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. రెండు రెక్కల మధ్య ఇరుక్కున్న రాయి కూడా కనిపిస్తోంది. చెయ్యి చాపితే తీసేయవచ్చు. ఆమె చెయ్యి తనంతట తనే జాలీ పైకి లేచింది...

ఒట్టేసి చెప్పినా సరే... పెట్టకు.

చెయ్యి వెనక్కి లాక్కుంది. చూస్తుండగానే ఆ రెక్కలు — మెల్లగా, సోమరిగా — వెనక్కి కదిలాయి.

కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసుకున్నాక చెవులు తెరుచుకున్నాయి. చప్పుడు ఆగలేదు! బెల్టు పరుగు అలాగే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు. కళ్ళొకటి చెబుతున్నాయి, చెవులొకటి.

నేల మీంచి తడిమట్టి ముద్ద తీసుకుంది. ఆగినట్టున్న రెక్కల మీదికి, జాలీ పైనుంచి విసిరింది.

ఠప్!

ముద్ద వెళ్ళినదానికి పదింతల వేగంతో తిరిగొచ్చి మొహానికి తగిలింది. ఆవిడ చెంపదెబ్బ కొట్టిందనే అనుకుంది మన గడుగ్గాయి. వెనక్కి తిరిగి ఒకటే పరుగు. పరుగులోనూ బాబాయి బూటు చంకలో పెట్టుకుంది, అది వేరే సంగతి.

సొరంగం నోట్లో కూలబడింది. చేతిలో టార్చి వెలుగు ఇంకా వణుకుతూనే ఉంది. తన చెయ్యి మాత్రం వణకడం లేదు!

మీట నొక్కింది. వెలుగు కుదురుగా నిలిచింది. టార్చిని తొడ మీద గట్టిగా కొట్టుకుంది. ఆరింది... వెలిగింది... మిణుకుమిణుకుమంది.

మొహం నిండా మట్టితో పకపకా నవ్వింది. బాబాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. “ఆవహించిందా ఏమిటే?”

“ఆవిడ స్టోర్ నుంచే వచ్చింది బాబాయ్! ఆ రోజు నీ చేతిలో ఉన్నదీ ఈ రకం టార్చే! అదురుకి బ్యాటరీ ఎగిరి ఆరిపోతోంది. మళ్ళీ తగలగానే మీట నొక్కినట్టు అనుకుని మిణుకుల్లోకి పోతోంది. వెలిగిన ప్రతిసారీ ఒక రెక్క ఉన్నచోటికి ఇంకో రెక్క వచ్చేసి ఉంటుంది. మనకేమో ఆగినట్టు! రెక్క కాస్త వెనకబడితే వెనక్కి తిరిగినట్టు! నువ్వు చూసింది నిజమే!”

‘నువ్వు చూసింది నిజమే’ దగ్గర ఆయన తల పక్కకి తిప్పుకుని, ఆ బూటులోని దుమ్ము చాలాసేపు దులిపాడు.

సూపర్‌వైజరుకి, మిగతా పనివాళ్ళకి అంతా విప్పి చెప్పారు. ఆగిందనుకుని ఎవరైనా చెయ్యి పెడితే ఏమయ్యేదో తలుచుకుని సూపర్‌వైజరు మొహం పాలిపోయింది. స్టోర్ కీపరు దాకా వచ్చేసరికి మాత్రం బాబాయి పిల్లకి కన్నుగీటాడు. “కొత్త టార్చి కావాలని వాడికి చెప్పు చాలు. ఎందుకో చెప్పకు.”

స్టోర్ ముందు టార్చీల స్వయంవరం జరిగింది. వరసగా మెట్ల మీంచి పడేశారు. కొన్నిటి అద్దం పగిలింది. నీళ్ళ బకెట్లో ముంచారు. ఇంకొన్ని కడుపునిండా తాగి కళ్ళు మూశాయి. గ్రీజు పట్టిన గ్లౌజులతో మీట నొక్కిచూశారు. చివరికి మిగిలినవాటిని అదిరే మిషను చట్రానికి అదిమిపట్టారు.

కుదురుగా వెలిగింది ఒక్కటే. లావుగా, నల్లగా, రోకలిబండలా ఉంది. రెండు కొసలా గట్టి స్ప్రింగులు, ఒకటే మీట, మెడలో వేసుకోవడానికో తాడు.

“ఏం అందముందని? ఒక్క రకంగానే వెలుగుతుంది!” అన్నాడు స్టోర్ కీపరు, సొంత పిల్లని కాదన్నట్టు.

“మాకూ ఒక్క రకమే కావాలి బావా,” అన్నాడు బాబాయి. “వెలుగుతూ ఉండాలి. అంతే.”

సోమవారం ఆ రోకలిబండ మెడలో వేసుకుని, రెండు బూట్లూ బిగించి, సొరంగంలో దిగాడు. డ్రమ్ము దగ్గర నిలబడ్డాడు. వెలుగు రెప్ప వెయ్యలేదు. డ్రమ్ము బుద్ధిగా ముందుకే తిరిగింది. గేటు దగ్గర కుర్చీలో పిల్లి పడుకుంది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ పక్కన పడేసిన మిణుకుల టార్చీల్లో ఒకదాన్ని, వృథా ఎందుకని, స్టోర్ కీపరు ఇంటికి పట్టుకెళ్ళాడు.

మర్నాడు డ్యూటీకి వస్తూనే బాబాయిని చెయ్యిపట్టి గోడ చాటుకి లాక్కెళ్ళాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జుట్టు రేగిపోయింది.

“బావా... ఎవరికీ చెప్పకు... ఆవిడ మా ఇంటికొచ్చింది.”

“ఆఁ?”

“రాత్రి లైట్లార్పాక పిల్లలు ఆ టార్చితో ఆడుకుంటున్నారు. తలెత్తి చూద్దును కదా... సీలింగ్ ఫ్యాను ఆగిపోయింది. గాలి మాత్రం వస్తోంది! ఇంతలో... మెల్లగా... వెనక్కి...” వేలు గాల్లో వెనక్కి తిప్పి చూపించాడు. “అందరం వీధిలోకి పరిగెత్తాం. తెల్లారేదాకా అరుగు మీదే.”

బాబాయి తాపీగా ఆయన కాళ్ళవైపు చూశాడు. ఒక కాలికి చెప్పుంది. రెండో కాలికి లేదు.

కిటికీ దగ్గర నిలబడ్డ గడుగ్గాయి నోటికి గ్లౌజు అడ్డంపెట్టుకుంది.

బాబాయి స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా అడిగాడు.

“ఏం తాగావు బావా?”