మొవ్వులో నీళ్ళు

మా మనవరాలు మనోజ్ఞతో శశాంక్ అన్న మొట్టమొదటి మాట: "అది సచ్చిపోతదండీ."

కిందటేడు ఏప్రిల్లో, జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మొక్కలమ్మే దుకాణం. కొత్తింటి పెరట్లో వేసుకుందామని పిల్ల ఈతచెట్టులాంటి పామ్ మొక్కను బండిలో పెట్టుకుంది. ఎవరో పొడుగాటి కుర్రాడు అడ్డం వచ్చి ఈ శుభవాక్యం పలికాడు.

"మిమ్మల్ని అడిగానా?"

"అడగలే. కానీ ఇది మైనస్ ఐదు దాటితే ఆగదు. జనవరిల ఇక్కడ మైనస్ పది పోతది."

"మీరిక్కడ పనిచేస్తారా?"

"లేదండీ, మీ పక్కింట్ల ఉంట. ఆ అడ్రస్ ఆఫీసుల రాయించి, అన్మెల్డుంగ్ చేసుకుని మూడు నెలలైంది. మీరే చూడలే."

ఇదంతా నాకు ఫోన్లో తెలిసింది. కోనసీమవాణ్ణి. మా ఊరి కొబ్బరిచెట్లు ఎంత ఎత్తంటే, దింపు తీసేవాడు పొద్దున్న కోసిన కాయ మేం భోజనాలు ముగించాక గాని నేలకి చేరేది కాదు. అలాంటి నన్ను కాదని వరంగల్ కుర్రాడు చెట్ల సంగతి చెప్పడమా అని నాకూ ఉక్రోషమే.

ఆ చెట్టు ఎంచడానికి వాళ్ళకి అయిదు శనివారాలు పట్టింది. అతను ఎక్సెల్ షీటు వేశాడు. ఏది ఎంత చలికి ఆగుతుంది, గాలి ఎటునుంచి కొడుతుంది, గోడకి ఎంత దూరం.

"సూదుల పామ్ మైనస్ ఇరవైకి కూడ ఆగుతది. పదేళ్ళకు మోకాలంత అయితది."

"అంటే నా పెన్షన్ నాటికి నీడ. పెళ్ళిచూపులు కూడా ఇంతసేపు పట్టవండీ."

"పెళ్ళికొడుకు చలికాలమంత బయట నిలబడడు కదా."

చివరికి హాన్ఫ్‌పాల్మె అనేదాన్ని నాటారు. విసనకర్రల్లాంటి ఆకులు, గొంగళి కప్పుకున్నట్టు ఒళ్ళంతా పీచు. ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం మనోజ్ఞ నాకు ఫోన్ చేసి గంటసేపు అతని మీద విసుక్కునేది. ఒక మనిషి మీద అంతసేపు విసుక్కోవాలంటే ఎంత ఇష్టముండాలో నాకు తెలుసు. మా ఆవిడ నన్ను నలభై ఏళ్ళు విసుక్కుంది.

డిసెంబరులో నేను వెళ్ళాను. చెట్టుకి తెల్లగుడ్డ చుట్టి ఉంది. కొత్త సంవత్సరం నాడు శశాంక్ మనసులో మాట చెప్పాడట. "చెట్టు చలికాలం దాటనీ, అప్పుడు చెబుతాను" అందట మా పిల్ల.

మార్చి మొదట్లో అతను గుడ్డ విప్పి నడిమి ఆకు పట్టుకుని మెల్లగా లాగాడు. మొవ్వు, అంటే నెత్తిమీది లేతచిగురు, మొత్తం చేతిలోకి ఊడొచ్చింది. కుళ్ళు వాసన.

"అయిదు శనివారాలు," అంది మనోజ్ఞ. "ఎక్సెల్. ఇంతా చేసి ఇదా?"

అతను నావైపు ఒక్క చూపు చూసి తల దించుకున్నాడు. "నా తప్పేనండీ. గుడ్డ మంచిగ కట్టలే."

ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. వారం మాటల్లేవు. ఫ్రైబర్గ్‌లో ఉద్యోగమొచ్చిందనీ, వెళ్తే ఊరు మారాలనీ, సోమవారంలోగా జవాబివ్వాలనీ అతనే నాతో కంచె మీదుగా చెప్పాడు.

కొబ్బరితోటల్లో పెరిగిన నాకు మొవ్వుకుళ్ళు తెలియదా? రోజూ పొద్దున్నే సూర్యుడికి అర్ఘ్యమిచ్చేవాణ్ణి. ఆ దేశంలో సూర్యుడు కనపడడు, ఉన్నాడన్న నమ్మకమే. ఆ నీళ్ళు ఎవరూ తొక్కకూడదని చెంబెత్తి, గుడ్డ పైనుంచే, చెట్టు నెత్తిన పోసేవాణ్ణి. మా ఊళ్ళో మొవ్వులో పడ్డ నీళ్ళు గడ్డకట్టవు మరి.

ఆదివారం మనోజ్ఞ అట్లు వేస్తుంటే చెప్పేశాను. "మనూ, ఆ చెట్టుని చంపింది నేనే."

మొత్తం విని, అట్లకాడతోనే కంచె దగ్గరికి వెళ్ళింది. వెనకాలే నేను.

"తాతయ్య నీళ్ళు పోస్తున్నట్టు నీకు తెలుసా?"

"జనవరిల చూసిన. మా కిచెన్ కిటికీలకెళ్ళి కనిపిస్తది."

"మరి నోరు లేదా?"

"కండ్లు మూసుకుని దండం పెడుతుండు. ఎట్ల ఆపాలె?"

"పోనీ మొన్న చెప్పొచ్చుగా. నా జవాబు దాని మీదే ఉందని తెలుసుగా."

"చెప్తే తాత మళ్ళ అర్ఘ్యమియ్యడు. చెట్టు ఇంకోటి దొరుకుతది."

మనోజ్ఞ అట్లకాడ కంచె మీద పెట్టింది. "ఫ్రైబర్గ్ వాళ్ళకి రానని రాసెయ్."

"కారణమేం రాయాలె?"

"శనివారాలు ఖాళీ ఉండవని."

లోపల అట్టు మాడిపోయింది. నేను చెప్పలేదు.

మే నెలలో, నేను ఊరొచ్చేశాక, ఇద్దరూ వీడియో కాల్ చేశారు. చచ్చిందనుకున్న చెట్టు నడినెత్తిన పచ్చటి మొవ్వు. వెంటనే అరుగు మీదున్న నలుగురికీ, మా చెట్టు తాడిచెట్టంత అయిందని చెప్పాను.

"నాలుగు సెంటీమీటర్లు, తాతగారూ," అన్నాడు శశాంక్.

"ఈ మనిషితో ఎలా వేగాలో," అంది మనోజ్ఞ.

మా ఇద్దరిలో ఎవరి గురించో ఇద్దరం అడగలేదు.