ముందు సీటు ఖాళీగా ఉంచకూడదు

రైలు గేటు దాటగానే వచ్చే మలుపుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటుగా కారులో వెళితే, ఖాళీగా ఉన్న డ్రైవరు పక్క సీట్లోకి ఎవడో వచ్చి కూర్చుంటాడట. పీక నొక్కడు, రక్తం తాగడు. ఊరికే కూర్చుంటాడు. మలుపు తిరగ్గానే దిగిపోతాడు... తలుపు మాత్రం తెరుచుకోదు.

అందుకే ఆ దారిన పోయేవాళ్ళెవరూ ఆ సీటు ఖాళీగా ఉంచరు. ఒకాయన సిమెంటు బస్తా పెడతాడు, ఇంకొకాయన ఖాళీ గ్యాసు బండ పెడతాడు. మన టైలరు కోట్లు తొడిగే షాపు బొమ్మని కూర్చోబెట్టి, బెల్టు కూడా కట్టేవాడు. చోటు లేకపోతే దెయ్యమైనా ఏం చేస్తుంది!

ఆ సాయంత్రం బొమ్మ షాపులోనే ఉండిపోయింది. జ్వరం తగ్గిన మేనకోడల్ని, అక్కని ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చాలి. పాపకి ఆరు నెలలు. వెనక సీట్లో బావ బిగించిన పిల్లల కుర్చీ ఉంది. కొన్నప్పటి నుంచి అందులో గొడుగులు తప్ప ఎవరూ కూర్చోలేదు.

“అక్కా, పాపని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చో.”

“వెనక కుర్చీ ఉంది కదరా?”

“ముందైతే నాకు ధైర్యం... అదే, నీకు గాలి బాగా తగులుతుంది.”

బయట వాన కురుస్తోంది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. అయినా అక్క తమ్ముడి మాట కాదనలేదు.

మలుపు ఇంకాస్త దూరం ఉందనగా గేటు పడింది. ఎంతసేపు పడుతుందో కనుక్కుందామని టైలరు దిగి గేటు దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి తలుపు తీశాడు. ముందు సీటు ఖాళీ! పాప వెనక కుర్చీలో బెల్టుల మధ్య నిద్రపోతోంది. అక్క పక్కనే కూర్చుని తన బెల్టు కూడా పెట్టుకుంది.

“ముందుకి రా అక్కా!”

“ఏంట్రా నీ గోల? నువ్వేగా కిటికీ దగ్గరికొచ్చి, పాపని వెనక కట్టి పక్కనే కూర్చోమన్నావు!”

“నేనా?... నేను గేటు దగ్గరున్నాను.”

“అద్దం మీద ఆవిరి, మొహం కనబడలేదు. గొంతు ముసలిగా ఉంటే... వానకి జలుబు చేసిందేమో అనుకున్నా.”

గేటు లేచింది. వెనకవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడిచారు. కదలక తప్పలేదు.

టింగ్... టింగ్... టింగ్...

పక్క సీటు బెల్టు పెట్టుకోమని కారు గోల పెడుతోంది. ఆ సీట్లో ఎవరూ లేరు.

“సంచేదైనా పెట్టావేంట్రా?” గుసగుసగా అడిగింది అక్క.

“లేదు.”

క్లిక్ — మోత ఆగిపోయింది.

టైలరుకి చూడాలనీ ఉంది, చూడాలంటే భయంగానూ ఉంది. ఓరకంట చూశాడు. ఆ ఓరచూపే కొంప ముంచింది. మలుపులో లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ... బ్రేకు తొక్కాడు... ఢాం!

కారంతా తెల్లటి పొడి. స్టీరింగులోంచి ఒక ఎయిర్‌బ్యాగు, పక్క డాష్‌బోర్డులోంచి ఇంకొకటి బయటికొచ్చి వేలాడుతున్నాయి. వెనక పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అంత హాయైన ఏడుపు టైలరు జన్మలో వినలేదు. అక్కకి మెడ పట్టేసింది, అంతే.

మర్నాడు షెడ్డులో మెకానిక్కు డాష్‌బోర్డు వైపు ఎయిర్‌బ్యాగు సంచిని చేత్తో పట్టుకుని చూశాడు.

“ఇది రెప్పపాటులో పేలినట్టు వచ్చి కొడుతుందండీ. ఇక్కడ ఒళ్ళో పసిబిడ్డ గనక ఉండుంటే...”

టైలరు అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. లేని భయానికో, ఉన్న భయానికో, పాపని తీసుకొచ్చి దీని ఎదుట పెట్టింది తనే. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

మెకానిక్కు కారులోకి వంగి ఆ పక్క బెల్టు లాగి చూశాడు. ఇంకా పెట్టే ఉంది.

“ఈ కారులో ఆ సీట్లో మనిషి బరువు లేకపోతే సంచి విచ్చుకోదు. బెల్టు పెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ముందు కూర్చున్నాయన బతికే ఉన్నాడు కదండీ?”